లెమూయేలు తల్లి మాట: మద్యం, ఆశానిగ్రహం, మన మీద ఆధారపడినవారు

సహోదరులారా, సహోదరీలారా, మన ప్రభువైన యేసుక్రీస్తు నామంలో మీ అందరికీ వందనాలు. ఈ కుటుంబ సదస్సులో మద్యపానం గురించి, ఆశానిగ్రహం గురించి మాట్లాడమని పెద్దలు నన్ను కోరారు. దయచేసి సామెతల గ్రంథం 31వ అధ్యాయం తీయండి. ఇది మనలో చాలామందికి కంఠతా వచ్చిన అధ్యాయం. పెళ్లిళ్లలో చదువుతాం, స్త్రీల కూటాల్లో చదువుతాం, తల్లుల జ్ఞాపకార్థ కూడికల్లో చదువుతాం. అయితే మనం చదవడం మొదలుపెట్టేది పదవ వచనం నుంచి, "గుణవతియైన భార్య దొరుకుట అరుదు" అనే చోటి నుంచి. దానికి ముందున్న తొమ్మిది వచనాలను పెళ్లిపందిట్లో ఎవరూ చదవగా నేను వినలేదు. నిజానికి పెళ్లికొడుకు వినవలసినవి ఆ తొమ్మిదే.

ఆ వచనాల్లో ఒక తల్లి రాజైన తన కొడుకుతో మాట్లాడుతోంది. కొడుకు పేరు లెమూయేలు. తల్లి పేరు గ్రంథంలో లేదు. రాజ్యం చేతికి వచ్చిన కొడుక్కి ఒక తల్లి చెప్పవలసిన సంగతులు ఎన్నో ఉంటాయి: శత్రువుల గురించి, ఖజానా గురించి, నమ్మదగిన మంత్రుల గురించి. ఆమె మాత్రం ఎక్కువసేపు ఆగింది మద్యం దగ్గర. ద్రాక్షారసం తాగడం రాజులకు తగదు, మద్యపానాసక్తి అధికారులకు తగదు అని చెప్పి, ఎందుకు తగదో వెంటనే వివరించింది: "త్రాగినయెడల వారు కట్టడలను మరతురు, దీనులకందరికి అన్యాయము చేయుదురు."

ఈ కారణాన్ని నిదానంగా గమనించండి. నీ ఆరోగ్యం చెడుతుందని ఆమె అనలేదు. నీ పరువు పోతుందని అనలేదు. తాగేది రాజు, నష్టపోయేది దీనుడు అని చెప్పింది. గిన్నె పట్టుకున్న చెయ్యి ఒకరిది. ఆ రోజు తన వ్యాజ్యం విచారణకు వస్తుందని పొద్దున్నుంచీ గుమ్మం బయట నిలబడిన బీద మనిషి మరొకరు. మద్యం గురించి పరిశుద్ధ గ్రంథం చెప్పిన మాటల్లో నాకు అన్నిటికంటే లోతైనదిగా కనిపించింది ఇదే, ఈ రోజు మీ ముందు పెట్టదలచినదీ ఇదే. విశ్వాసి ఆశానిగ్రహం అతని భక్తికి పెట్టుకున్న అలంకారం అనుకుంటే మనం గ్రంథాన్ని సగమే చదివినట్టు. తన మీద ఆధారపడినవారికి అతడు చెల్లించవలసిన బాకీ అది.

మేము రాజులం కాము కదా అని ఎవరైనా అనవచ్చు. జీతం డబ్బు ఇంటికి తెచ్చే ప్రతి మనిషీ నెల మొదట్లో ఒక చిన్న న్యాయపీఠం మీద కూర్చుంటాడు. పిల్లవాడి ఫీజు, తల్లి బీపీ మాత్రలు, భార్య డ్వాక్రా సంఘంలో కట్టవలసిన వాయిదా, పాలవాడి బాకీ, వీటిలో దేనికి ముందు, దేనికి వెనుక అని తీర్పు చెప్పేది అతడే. రాత్రిపూట లారీ నడిపే మనిషి ఎదురుగా వచ్చే ఆటోలో ఉన్న పదిమంది ప్రాణాలను చేతిలో పట్టుకుని ఉంటాడు. ఆసుపత్రిలో డ్యూటీ చేసేవారు, కరెంటు స్తంభం ఎక్కేవారు, బడిలో పాఠం చెప్పేవారు, అందరూ ఏదో ఒక గడప దగ్గర రాజులే. లెమూయేలు తల్లి మాట వీరందరికీ వర్తిస్తుంది.

ఇది ఒక్క చోట మాత్రమే కనబడే ఆలోచన కాదు. లేవీయకాండము 10వ అధ్యాయంలో యాజకుడైన అహరోను కుమారులు నాదాబు, అబీహు చనిపోయిన వెంటనే దేవుడు అహరోనుతో నేరుగా మాట్లాడి, ప్రత్యక్షపు గుడారంలోకి వచ్చేటప్పుడు ద్రాక్షారసాన్ని గాని మద్యాన్ని గాని తాగవద్దన్నాడు. పరిశుద్ధమైనదేదో కానిదేదో వేరుపరచాలి, ప్రజలకు కట్టడలు బోధించాలి, కాబట్టి తాగవద్దన్నాడు. యాజకుని బుద్ధి మసకబారితే దారి తప్పేది ప్రజలు. యెషయా 5వ అధ్యాయంలో ప్రవక్త ద్రాక్షారసం తాగడంలో శూరులైనవారికి "శ్రమ", అంటే అయ్యో కీడు, అని పలికి, ఆ ఊపిరిలోనే వారు లంచం పుచ్చుకుని దుష్టుణ్ణి నీతిమంతుడని తీర్పు చెబుతున్నారని అంటాడు. తాగుడు, లంచం ఒకే వాక్యంలో పక్కపక్కన నిలబడ్డాయి. హబక్కూకు 2వ అధ్యాయంలోని శ్రమ అయితే తన పొరుగువానికి తాగించేవాని మీదికి వచ్చింది. పార్టీలో స్నేహితుని గ్లాసు నింపుతూ "ఒక్కటే కదా" అని బలవంతపెట్టేవారు ఆ వచనాన్ని ఒకసారి చదువుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా ఒప్పుకోవాలి, లేకపోతే మన పిల్లలు బైబిలు తెరిచి మనల్ని అడుగుతారు. పరిశుద్ధ గ్రంథం ద్రాక్షారసాన్నే పాపమని ఎక్కడా అనలేదు. నరుల హృదయాన్ని సంతోషపెట్టే ద్రాక్షారసాన్ని దేవుని దానాల్లో ఒకటిగా 104వ కీర్తన లెక్కపెట్టింది. కానా పెళ్లిలో ప్రభువు నీళ్లను ద్రాక్షారసంగా మార్చాడు. బాప్తిస్మమిచ్చు యోహాను తాగలేదు, ప్రభువు తాగాడు. ఇద్దరినీ లోకం నిందించిందని లూకా 7వ అధ్యాయం చెబుతోంది. కడుపు జబ్బు కోసం ద్రాక్షారసం కొంచెంగా పుచ్చుకొమ్మని పౌలు తిమోతికి రాశాడు. అదే పౌలు ఎఫెసీయులకు "మద్యముతో మత్తులైయుండకుడి" అని ఆజ్ఞాపించాడు, తాగుబోతులు దేవుని రాజ్యానికి వారసులు కానేరరని కొరింథీయులకు రాశాడు. ఈ రెండు వైపులనూ కలిపి పట్టుకోవడం బోధకుని బాధ్యత. ఒక వైపు దాచిపెట్టి ఇంకో వైపు చూపిస్తే సంఘం కొంతకాలం భయపడుతుంది గాని, జ్ఞానం నేర్చుకోదు.

అయితే కానా పేరు చెప్పి బ్రాందీ సీసా మూత తీసేవారితో ఒక లెక్క మాట్లాడాలి. బైబిలు నాటి ద్రాక్షారసం పులిసినది, కాచి దించినది కాదు. సారాను బట్టీలో దించి గాఢమైన మద్యం తయారుచేసి తాగే అలవాటు బైబిలు రచన పూర్తయిన ఎన్నో శతాబ్దాల తర్వాత గాని వ్యాపించలేదు. ఆ కాలపు రోమా సామ్రాజ్యంలో భోజనబల్ల దగ్గర ద్రాక్షారసంలో నీళ్లు కలుపుకోవడం మామూలు. పన్నెండు శాతం ఆల్కహాలు ఉన్న ద్రాక్షారసంలో రెండు వంతుల నీళ్లు కలిపితే నాలుగు శాతం మిగులుతుంది. మన దుకాణాల్లో అమ్మే విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది. ఒక క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్లలో, దాదాపు 77 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాలు ఉంది. అంత ఆల్కహాలు ఆ నీళ్లు కలిపిన ద్రాక్షారసం ద్వారా ఒంట్లోకి వెళ్లాలంటే దాదాపు రెండు లీటర్లు తాగాలి. సాయంత్రం బెల్టుషాపు దగ్గర నిలబడి, పది నిమిషాల్లో క్వార్టర్ గొంతులో పోసుకుని, ఖాళీ సీసా పొదల్లోకి విసిరే మనిషి చేస్తున్న పనికి కానా పెళ్లిబల్లతో పోలిక లేదు. కొంచెమైతే ఆరోగ్యానికి మంచిదన్న మాట కూడా ఇక చెల్లదు. మద్య పానీయాలను క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే చేర్చింది. ఏ మోతాదూ ఆరోగ్యానికి సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది.

మన రాష్ట్రాల స్థితి కూడా చూడండి. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు దాటిన పురుషుల్లో తాగేవారు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. దేశం మొత్తం మీద అది 18.8 శాతం. ఆదివారం సంఘంలో వరసలుగా కూర్చున్నంత మాత్రాన మనం ఈ లెక్కకు బయట ఉన్నామని అనుకోవడం పొరపాటు.

లెమూయేలు తల్లి మాటను మన నేల మీద మళ్లీ పలికిన స్త్రీలు ఉన్నారు. వారు బైబిలు పట్టుకుని రాలేదు, పలక పట్టుకుని వచ్చారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యతా కేంద్రాలకు వచ్చి చదువు నేర్చుకున్న కూలి స్త్రీలు, తమ వాచకంలో తమ ఇంటి కథే చదివి, సారా దుకాణం ముందు నిలబడ్డారు. వర్ధినేని రోశమ్మ గారి పేరు ఆ ఉద్యమంతోనే రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఆ నిప్పు జిల్లా దాటింది, సారా వేలంపాటలు ఆగాయి, 1993 అక్టోబరులో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలిపోయింది. ఆ చట్టం చరిత్ర మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు. నేను చూసేది ఆ స్త్రీలు చెప్పిన కారణాన్ని. తాగడం పాపమా కాదా అన్న చర్చ వారు పెట్టలేదు. నా కూలి డబ్బు ఏమైంది, నా బిడ్డ ఎందుకు పస్తున్నాడు అని అడిగారు. "దీనులకందరికి అన్యాయము" అనే మాటకు అంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు తెలియదు.

ఇప్పుడు, ఇంతవరకు విని "దేవునికి స్తోత్రం, నేను ముట్టను" అనుకుంటున్న వారితో మాట్లాడాలి. మీరు రెండవ సమూయేలు 11వ అధ్యాయం తీయండి. దావీదు పాపం మనందరికీ తెలుసు, అయితే అందులో మద్యం ఎక్కడ వస్తుందో చాలామంది గమనించరు. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో దావీదు యెరూషలేములో నిలిచిపోయాడు. సాయంత్రం పడక మీద నుంచి లేచి మిద్దె మీద తిరిగాడు, స్నానం చేస్తున్న బత్షెబను చూశాడు, విచారించాడు, పిలిపించాడు. ఈ పనుల్లో దేనికీ ముందు అతడు తాగినట్టు వాక్యం చెప్పదు. తెలివితో ఉండే చేశాడు. తరువాత బత్షెబ గర్భవతి అని తెలిసి, ఆమె భర్త ఊరియాను యుద్ధభూమి నుంచి రప్పించి, ఇంటికి వెళ్లి కాళ్లు కడుక్కోమని పంపించాడు. ఊరియా వెళ్లలేదు. మందసమూ, ఇశ్రాయేలువారూ, యూదావారూ గుడారాల్లో ఉండగా, నా అధిపతి యోవాబూ అతని సేవకులూ బయట దిగి ఉండగా, నేను ఇంటికి పోయి తిని తాగి నా భార్యతో పడుకుంటానా అన్నాడు. మరునాడు దావీదు అతణ్ణి తన ఎదుట కూర్చోబెట్టి, అతనికి మత్తు ఎక్కేదాకా తాగించాడు. ఆ రాత్రి కూడా ఊరియా బయటికి వెళ్లి తన యజమాని సేవకుల మధ్య పడుకున్నాడే గాని, ఇంటికి వెళ్లలేదు.

ఈ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టండి. ఒకడు మత్తులో ఉన్నాడు, మనసు అదుపులో ఉంది. ఇంకొకడు తెలివిగా ఉన్నాడు, మనసు అదుపు తప్పింది. ఊరియాను పట్టి నిలిపింది ఏమిటి? పొలంలో పడుకున్న తోటి సైనికులు. వారు కళ్ల ముందు లేకపోయినా అతని మనసులో ఉన్నారు. దావీదు మనసులో ఆ సాయంత్రం ఎవరూ లేరు, తన కోరిక ఒక్కటే ఉంది. మద్యాన్ని ఎన్నడూ ముట్టని మనిషి ఇంట్లో కేకలు వేయవచ్చు, వడ్డీ కోసం బీదవాణ్ణి పీడించవచ్చు, రాత్రి ఒంటిగంట దాకా ఫోనులో చూడకూడనివి చూడవచ్చు, సంఘ ఎన్నికల్లో పగ పట్టవచ్చు. గలతీయులకు రాసిన పత్రికలో శరీర కార్యాల జాబితా చదివితే మత్తతలు, అల్లరితో కూడిన ఆటపాటలు చివరికి వస్తాయి. వాటికి ముందు ద్వేషాలు, కలహం, మత్సరం, క్రోధాలు, కక్షలు, భేదాలు ఉన్నాయి. తాగేవాణ్ణి సంఘం ముందు నిలబెట్టి, కక్షలు పెంచేవాణ్ణి సంఘపెద్దగా కూర్చోబెడితే, ఆ జాబితాను మనం తలకిందులుగా చదివినట్టే.

"ప్రాకారము లేక పాడైన పురము ఎంతో తన మనస్సును అణచుకొనలేనివాడు అంతే" అని సామెతలు 25వ అధ్యాయం అంటుంది. పూర్వం గోడ పడిపోయిన పట్టణంలో దోపిడీకి గురయ్యేది రాజు ఒక్కడే కాదు. గోడను నమ్ముకుని లోపల నిద్రపోయిన పిల్లలు, ముసలివారు, పనివారు.

ఆ 31వ అధ్యాయంలోనే ఆరు, ఏడు వచనాలు ఉన్నాయి. ప్రాణం పోతున్నవానికి మద్యమివ్వండి, మనోవ్యాకులం గలవానికి ద్రాక్షారసమివ్వండి, వాడు తన పేదరికాన్ని మరచిపోతాడు అని. దీన్ని పట్టుకుని బాధ మరచిపోవడానికే తాగుతున్నానండీ అనేవారు ఉన్నారు. ఆ తల్లి మాట ఎటు నడుస్తోందో చూడండి. మరపు కోసం తాగడం చావు అంచున ఉన్నవానికి వదిలెయ్యి, నీవు మాత్రం మరవకూడనివాడివి, మూగవాని కోసం నోరు తెరవవలసినవాడివి, కాబట్టి మెలకువగా ఉండు అంటోంది. మన ప్రభువు విషయం మరీ గొప్పది. సిలువ వేసే ముందు బోళము కలిపిన ద్రాక్షారసం ఇవ్వబోయారని, ఆయన పుచ్చుకోలేదని మార్కు 15వ అధ్యాయంలో ఉంది. ప్రాణం పోతున్నవానికి ఇవ్వదగిన గిన్నెనే ఆయన ముందు పెట్టారు. ఆయన తెలివితో ఉన్నాడు. అందువల్ల పక్కన ఉన్న దొంగ మొర వినగలిగాడు, తల్లిని శిష్యునికి అప్పగించగలిగాడు, తనను సిలువ వేసినవారి కోసం ప్రార్థించగలిగాడు.

మరి ఈ నిగ్రహం ఎలా వస్తుంది? గట్టిగా అనుకుంటే వస్తుందా? మన సాక్ష్యాల కూటాల్లో "ఆ రోజే మానేశాను, మళ్లీ ముట్టలేదు" అనే సాక్ష్యాలు విని ఆనందిస్తాం, ఆనందించాలి కూడా. కానీ అలా మానలేకపోయిన సహోదరుడు అదే కూటంలో వెనక వరసలో తల దించుకుని కూర్చుని ఉంటాడు. అతని గురించి సామెతలు 23వ అధ్యాయం ఎంత దగ్గరగా చూసి రాసిందో గమనించండి: హేతువులేని గాయాలు, మంద దృష్టి, నడిసముద్రంలో పడుకున్నట్టు ఊగే తల, దెబ్బలు తగిలినా తెలియని ఒళ్లు. ఇన్ని చెప్పాక, ఆ మనిషి నోటి నుంచి వచ్చే చివరి మాట "మరల దాని వెదకుదును". నొప్పి తెలుసు, అవమానం తెలుసు, అయినా మళ్లీ వెతుకుతాడు. వ్యసనం అంటే ఏమిటో ఈనాటి వైద్యులు చెప్పేది కూడా ఇంచుమించు ఇదే. "నేను దేనిచేతను లోపరచుకొనబడనొల్లను" అని పౌలు రాశాడు. లోబడిపోయినవానికి ఆజ్ఞ ఒక్కటే చాలదు, చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చేవారు కావాలి.

పౌలు ఆశానిగ్రహాన్ని ఆత్మ ఫలంలో లెక్కపెట్టాడు. ఫలం ఒక్క రాత్రిలో కాయదు, సంఘానికి దూరంగా ఒంటరిగా కాసినట్టు కూడా గ్రంథంలో కనబడదు. "మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు రాశాడు. 1935లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, అక్రాన్ పట్టణంలో, తాగుడుకు బానిసలైన ఒక స్టాక్ బ్రోకర్, ఒక సర్జన్ కలుసుకుని ఒకరితో ఒకరు ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవడంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సహవాసం మొదలైంది. మద్యం ముందు మేము శక్తిలేనివారం అని ఒప్పుకోవడం వారి మొదటి మెట్టు. ఆ సహవాసపు కూడికలు హైదరాబాదులో కూడా జరుగుతున్నాయి. అక్కడ ఒక మనిషి "నిన్న మళ్లీ తాగాను" అని చెబితే మిగిలినవారు అతణ్ణి వెళ్లగొట్టరు, రేపు మళ్లీ రమ్మంటారు. మన సంఘంలో ఒక విశ్వాసి ఆ మాట ఎవరితో చెప్పగలడు? నేను కాపరులతో, పెద్దలతో ఈ ప్రశ్న అడుగుతున్నాను, జవాబు కోసం నిజంగా ఎదురుచూస్తున్నాను.

ఒక విషయం మీద మాత్రం తొందర ఉంది, ఎందుకంటే అది ప్రాణాలకు సంబంధించినది. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉపవాస ప్రార్థనలో తీర్మానం చేసుకుని ఒక్కసారిగా మానేశాడనుకోండి. ఆఖరిసారి తాగిన ఆరు నుంచి ఇరవైనాలుగు గంటల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరిలో మతి చెదిరి, లేనివి కనిపించడం, లేని మాటలు వినిపించడం మొదలవుతుంది. నేను ఎరిగిన ఒక ఇంట్లో ఇలాగే జరిగింది. శుక్రవారం కూటంలో కన్నీళ్లతో మానేసిన మనిషి, ఆదివారం రాత్రి మంచం మీద కూర్చుని దుప్పటి మీద చీమలు పాకుతున్నాయని రెండు వేళ్లతో ఏరి కింద పడేస్తున్నాడు, అక్కడ ఒక్క చీమ కూడా లేదు. భార్యను గుర్తుపట్టలేదు. ఇంటివారు దయ్యం పట్టిందని నూనె తెచ్చారు, ఇరుగుపొరుగు గుమిగూడారు. అదృష్టం కొద్దీ కాదు, దేవుని దయవల్ల, మా విశ్వాసుల్లో ఒక నర్సమ్మ అక్కడికి వచ్చి, అతని నాడి పట్టుకుని, ఒళ్లు కాలిపోతోందని చూసి, "ప్రార్థన ఆటోలో చేద్దాం, ముందు పెద్దాసుపత్రికి పదండి" అంది. డాక్టర్లు మందులిచ్చి, వాటిని మెల్లగా తగ్గిస్తూ, బి1 విటమిన్ ఎక్కించి, అతణ్ణి నిలబెట్టారు. వైద్యం అందకపోతే ఆ స్థితిలో మనిషి చనిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి, సంఘకాపరులారా, రోజూ తాగే మనిషి మానేస్తానని మీ దగ్గరకు వస్తే ప్రార్థన చేయండి, ఆ రోజే డాక్టరు దగ్గరకు కూడా తీసుకువెళ్లండి. మాదకద్రవ్యాలు, మద్యం మానడానికి సహాయపడే జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 14446.

అలాగే తల్లులకు, అక్కలకు ఒక మాట. తాగుడు మాన్పించే పొడి అని చెప్పి, భర్తకు తెలియకుండా కాఫీలోనో కూరలోనో కలపమని అమ్మేవాటిని కొనకండి. మద్యం పడకుండా చేసే మందులు నిజంగా ఉన్నాయి, కానీ అవి తెలియకుండా ఇచ్చినప్పుడు ఆ మనిషి మామూలుగా తాగితే గుండె మీద ప్రభావం పడి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పి, అతడు ఒప్పుకుని వేసుకోవలసిన మందులు అవి.

అబీగయీలు గురించి కూడా మీరు గుర్తుంచుకోవాలి. కోపంతో తన ఇంటి మీదికి వస్తున్న దావీదును ఆపి ఆమె తిరిగి వచ్చేసరికి భర్త నాబాలు బాగా మత్తులో ఉన్నాడు. తెల్లవారేవరకు ఆమె అతనితో చిన్న సంగతి గాని పెద్ద సంగతి గాని చెప్పలేదని మొదటి సమూయేలు 25వ అధ్యాయంలో ఉంది. మత్తులో ఉన్నవానితో వాదన పెట్టుకోకపోవడం వివేకం. అయితే ఇదే వాక్యాన్ని చూపించి దెబ్బలు తింటున్న స్త్రీతో "ఓర్చుకో అమ్మా, ప్రార్థన చెయ్యి" అని పంపించే పెద్దలు అబీగయీలును సరిగా చదవలేదు. ఆమె ఇంట్లో కూర్చుని ఓర్చుకోలేదు. భర్తకు చెప్పకుండా గాడిదలు కట్టించి, రొట్టెలు ఎక్కించి, ఇంటిని కాపాడుకోవడానికి బయలుదేరింది. దెబ్బలు పడుతున్న సహోదరికి మన దగ్గర తలదాచుకునే ఇల్లు ఉండాలి, ఆమె 181 నంబరుకు ఫోను చేస్తానంటే అడ్డుచెప్పే నోరు ఉండకూడదు. 2005 నాటి గృహహింస చట్టం ఆమెకు రక్షణ ఇస్తుంది. సంఘం ఇవ్వలేకపోతే అది మన సిగ్గు.

చివరగా రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయం: "మాంసము తినుట గాని, ద్రాక్షారసము త్రాగుట గాని, నీ సహోదరుని కడ్డము కలుగజేయునది మరేదియు గాని, మానివేయుట మంచిది." గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉంటూ, భోజనంతో ఒక గ్లాసు వైన్ తప్పు కాదనుకునే మన పిల్లలు ఉన్నారు. వారిని నేను నరకానికి పంపను, ఆ అధికారం నాకు లేదు. కానీ పెళ్లికి ఊరికి వచ్చినప్పుడు, మానేసి ఏడాది కూడా కాని మీ బాబాయి ఆ పందిట్లోనే తిరుగుతూ ఉంటాడు. కల్యాణమండపం వెనక కారు డిక్కీ తెరిచి సీసాలు పెట్టినప్పుడు, ఆ వాసన అతని దాకా వెళుతుంది. అతని ఏడాది శ్రమ కంటే మీ స్వాతంత్ర్యం పెద్దదా? పౌలు అడిగేది ఇంతే. ఏ చట్టమూ అడ్డుపెట్టకపోయినా, ఆ మనిషి కోసం ఆ రోజు వద్దనుకోగలగడమే స్వతంత్రుడైనవాడు చేసే పని.

ఇదే ఆలోచన ప్రభువు బల్లకు కూడా రావాలి. 1869లో అమెరికాలోని వైన్‌ల్యాండ్ పట్టణంలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు, ద్రాక్షరసాన్ని పులవకుండా వేడిచేసి నిల్వచేసే పద్ధతిని ప్రభురాత్రి భోజనం కోసమే సిద్ధం చేశాడు. మన సంఘాల్లో అనేకం ద్రాక్షపళ్లనో ఎండుద్రాక్షనో ఉడికించి ఆ రసాన్నే గిన్నెలో పోస్తున్నాయి. పులిసిన ద్రాక్షారసం వాడే సంఘాలు కూడా ఉన్నాయి, వారి ఆచారాన్ని నేను తప్పుపట్టను. అయితే తాగుడు మానిన సహోదరుడు ఆ గిన్నె తన దగ్గరకు వచ్చినప్పుడు భయపడి, బల్ల ఆదివారాల్లో రావడం మానేస్తున్నాడని ఆ సంఘ పెద్దలకు తెలుసా? తెలిస్తే, అతని కోసం పులవని రసంతో ఒక గిన్నె సిద్ధం చేయడానికి ఎంత ఖర్చవుతుంది?

ఈ సదస్సుకు వచ్చిన పెద్దలను మూడు పనులు చేయమని కోరుతున్నాను. వచ్చే బల్ల ఆదివారానికి ముందే ఆ గిన్నె సంగతి తేల్చండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక యువకులను రోడ్ల మీదికి వదిలేయకుండా, తెల్లవారేదాకా సంఘ ఆవరణలోనే భోజనమూ పాటలూ ఏర్పాటు చేయండి, వండే బాధ్యత స్త్రీల మీద మాత్రమే వేయకండి. మానడానికి ప్రయత్నిస్తున్నవారి కోసం వారానికి ఒక సాయంత్రం సంఘంలో ఒక గది తెరిచి ఉంచి, అక్కడ విన్నది బయట చెప్పని ఇద్దరు మనుషులను కూర్చోబెట్టండి. ఆ ఇద్దరు ఎవరన్నది ఈ మధ్యాహ్నం భోజనానికి ముందే మీలో మీరు మాట్లాడుకుని కాపరిగారికి పేర్లు ఇవ్వండి. ఇప్పుడు ప్రశ్నలు అడగదలచినవారు అడగవచ్చు. అందరి ముందు అడగడం ఇబ్బంది అనుకునేవారు చీటీ మీద రాసి, పేరు రాయకుండా, ఆ ద్వారం దగ్గరున్న పెట్టెలో వేయండి.